వినపడకపోతేనేం... మాట్లాడుకుందాం!

పక్కింటి పాపకో, బెంచీ మీద పక్కనే కూర్చునే నేస్తానికో వినపడదని తెలిస్తే మన పిల్లలేం చేయాలి? జాలిపడాలా, తప్పుకుని వెళ్లాలా? రెండూ కాదు, మాట కలపాలి. ఎలా కలపాలో పలక పట్టే వయసులోనే నేర్పొచ్చు.

పుట్టినరోజు వేడుకలోనో, అపార్ట్‌మెంట్ పార్కులోనో అయిదేళ్ల పిల్లాడు గట్టిగా అడిగేస్తాడు... 'అమ్మా, ఆ అక్క చెవి వెనక అదేంటి?' తల్లి ఇబ్బందిపడిపోతుంది. 'ష్... అలా అడక్కూడదు' అంటూ చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్తుంది. మర్యాద నేర్పానని ఆమె అనుకుంటుంది. పిల్లాడికి అర్థమైంది మాత్రం వేరు. అదేదో బయటికి చెప్పుకోకూడని సంగతి, ఆ అక్క జోలికి వెళ్లకూడదు... అంతే.

వాడి ప్రశ్నలో ఎగతాళి లేదు, జాలీ లేదు. తెలుసుకోవాలన్న ఉబలాటమే ఉంది. 'అది వినికిడి యంత్రం నాన్నా. అక్కకి సరిగా వినపడదు. ఎదురుగా నిలబడి పలకరించు' అనుంటే ఇద్దరూ ఈపాటికి ఆడుకుంటూ ఉండేవారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైమాటే. ప్రపంచవ్యాప్తంగా 43 కోట్లమందికి ఈ సమస్యకు చికిత్సో, సాయమో అవసరమనీ, వారిలో 3.4 కోట్లమంది పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతదాకా ఎందుకు, 'తాతయ్యకి వినపడదు, దగ్గరికెళ్లి చెప్పు' అన్నమాట చాలా ఇళ్లలో పిల్లలు రోజూ వింటూనే ఉంటారు. పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

బుల్లి ప్రశ్నలు... సూటి జవాబులు

'ఎందుకు వినపడదు?'
శబ్దం వచ్చి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాకి చేరవేస్తాయి. అందులోని వేలాది సన్నటి కేశకణాలు నాడి ద్వారా మెదడుకి కబురు పంపుతాయి. ఈ దారిలో ఎక్కడ ఇబ్బంది వచ్చినా కబురు సరిగా అందదు. కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుంది, కొందరికి జబ్బువల్లో వయసువల్లో వస్తుంది. పక్కన కూర్చుంటే మనకు అంటుకునేది మాత్రం కాదు. ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు పైకి అడక్కపోయినా లోపల ఆ భయం ఉంటుంది.

'యంత్రం పెట్టుకుంటే మనలాగే వినపడుతుందా?'
కళ్లద్దాలు పెట్టుకోగానే అక్షరాలు స్పష్టంగా కనపడినట్టు ఇక్కడ జరగదు. వినికిడి యంత్రం మాటతోపాటు ఫ్యాను చప్పుణ్నీ, బెంచీలు జరిపే మోతనూ పెంచుతుంది. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి తెలిసిన కాక్లియర్ ఇంప్లాంట్ పద్ధతి వేరు. చెవి వెనకాల ఉండే పరికరం శబ్దాన్ని సంకేతాలుగా మారుస్తుంది, లోపల అమర్చిన సన్నటి తీగ వినికిడి నాడిని నేరుగా ప్రేరేపిస్తుంది. ఆ సంకేతాలను మాటలుగా గుర్తుపట్టడానికి మెదడుకి నెలల తరబడి సాధన కావాలి. ఏ పరికరమైనా సరే, దాన్ని లాగకూడదు, దాని దగ్గర నోరుపెట్టి అరవకూడదు.

'వినపడకపోతే మాటలూ రావా?'
ఈ రెంటినీ ఒక్కటిగా చూడటం పెద్దవాళ్లు చేసే పొరపాటు. 'సిరివెన్నెల' సినిమాలో సుహాసిని పాత్రకు మాటలు రావు, కానీ అన్నీ వినపడతాయి. 'రంగస్థలం'లో హీరో చిట్టిబాబుకి సరిగా వినపడదు, కానీ గలగలా మాట్లాడతాడు. పుట్టుకతో వినపడని చాలామందికి గొంతు బాగానే ఉంటుంది. మాటలు చెవిన పడక, పలకడం నేర్చుకోవడం కష్టమవుతుంది. వాళ్ల ఉచ్చారణ వేరుగా ఉంటే నవ్వకూడదనీ, అర్థంకాకపోతే 'మళ్లీ చెప్పవా' అని అడగాలనీ పిల్లలకు నేర్పాలి.

పాట, మాట, బాట

'పెదాలు చూసి అన్నీ అర్థంచేసుకుంటారట కదా' అని చాలామంది అనుకుంటారు. అదెంత కష్టమో తెలియాలంటే పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి, గొంతు పెగల్చకుండా 'పాట', 'మాట', 'బాట' అనమనండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. ఏది ఏదో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. వెలుతురు మొహం మీద పడాలనీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదనీ ఎందుకు చెబుతున్నామో ఈ ఒక్క ఆటతో తెలిసిపోతుంది.

కొన్ని బడుల్లో పిల్లల చెవుల్లో దూది పెట్టి 'చూశారా, పాపం ఎంత కష్టమో' అంటుంటారు. దాంతో పిల్లలకు మిగిలేది భయం, జాలి. పుట్టుకతో వినపడని పాప ఏదో పోగొట్టుకున్నదానిలా బతకదు. చూపుతో, స్పర్శతో లోకాన్ని తెలుసుకుంటూ హాయిగా ఆడుకుంటుంది. ఆమెకి కావాల్సింది ఆటలోకి పిలిచే నేస్తం.

చేతులతో కబుర్లు

సైగల భాష అంటే తోచినట్టు చేతులూపడం కాదు. దానికీ వ్యాకరణం ఉంది. మన తెలుగులో 'నీ పేరేంటి' అన్నట్టే భారతీయ సైగల భాషలోనూ ప్రశ్న పదం చివర్లోనే వస్తుంది. అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు. అమెరికాలో వాడే సైగల భాష వేరు, అందులో అక్షరాలకు ఒక్క చెయ్యి చాలు. దిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10 వేల పదాల నిఘంటువును వీడియోల రూపంలో తెచ్చింది. 'రా', 'ఆడుకుందామా', 'బాగుంది', 'థాంక్స్' లాంటివి ఓ పది నేర్చుకుంటే చాలు, స్నేహం మొదలైపోతుంది.

ఈ భాష చిన్నచూపునీ చవిచూసింది. 1880లో మిలాన్‌లో జరిగిన, బధిరులకు చదువు చెప్పే ఉపాధ్యాయుల మహాసభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించింది. ఆ తప్పుకి విచారం ప్రకటించడానికి 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే మహాసభ దాకా ఆగాల్సివచ్చింది. మన 2020 జాతీయ విద్యావిధానం భారతీయ సైగల భాషను దేశమంతటా ప్రామాణికం చేయాలని చెప్పింది.

ఊరంతా నేర్చుకుంటే ఏమవుతుందో అమెరికాలోని మార్తాస్ వినయార్డ్ అనే దీవి చూపించింది. వంశపారంపర్యంగా అక్కడ చాలామందికి వినపడేది కాదు. 19వ శతాబ్దంలో చిల్‌మార్క్ అనే ఊళ్లో పాతికమందిలో ఒకరు అలాంటివారే. దాంతో వినపడేవాళ్లు కూడా చిన్నప్పుడే సైగలు నేర్చుకునేవారు. పడవ మీంచి పడవకి జాలర్లు సైగలతోనే కబుర్లాడుకునేవారు. నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు ఆ కథను 1985లో పుస్తకంగా తెచ్చారు. వినపడనివారిని ఆ ఊరివాళ్లు జాలరిగానో, రైతుగానో గుర్తుపెట్టుకున్నారు తప్ప లోపం ఉన్నవాళ్లుగా కాదు. చెవులు మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు!

ఇంట్లో, బడిలో...

• పిలవాలంటే భుజమ్మీద మెల్లగా తట్టాలి, ఎదురుగా చెయ్యి ఊపాలి. వెనకనుంచి అరవకూడదు.
• మామూలు వేగంతో, మొహం చూస్తూ మాట్లాడాలి. అర్థంకాకపోతే అదే వాక్యాన్ని మరోలా చెప్పాలి. 'ఏం లేదులే, వదిలెయ్' అనకూడదు. పక్కన పెట్టేశారన్న బాధ కలిగించేది ఆ మాటే.
• ఆటలో విజిల్‌తోపాటు జెండా కూడా ఊపాలి.
• చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాలి. బధిరులు మెచ్చుకోలు చూపేది అలాగే.
• టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నీడలో పడుతుంది. వెనక బెంచీలోంచి ఎవరైనా జవాబు చెబితే టీచర్ దాన్ని మళ్లీ చెప్పాలి.
• 'చెవిటోడా' అన్నది ఇంట్లో పెద్దల నోట తిట్టుగా వస్తే, బడిలో పిల్లల నోటా వస్తుంది. ముందు మనం మానాలి.
• చెవిలో పుల్లలు పెట్టడం, నూనె పోయడం వద్దని చెప్పాలి. చీము కారితే డాక్టరుకి చూపించాలి. పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో 60 శాతం నివారించదగ్గవే.

కథలు చెప్పేటప్పుడు విజేతలనూ పరిచయం చేయండి. బధిరుల ఒలింపిక్స్ 1924లో పారిస్‌లో మొదలయ్యాయి. అక్కడ పరుగు పందెం తుపాకీ మోతతో కాక లైటు వెలుగుతో మొదలవుతుంది. 2022లో బ్రెజిల్‌లో జరిగిన పోటీల్లో హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం తెచ్చింది.

ఏటా సెప్టెంబరు 23 అంతర్జాతీయ సైగ భాషల దినోత్సవం. ఆ రోజు బడి ప్రార్థనలో పిల్లలందరితో తమ పేర్లను సైగల్లో చెప్పించొచ్చు. బధిర టీచర్‌ను పిలిచి పాఠం చెప్పించగలిగితే ఇంకా మంచిది. కొత్త భాష అంటే బెరుకు లేని వయసు అది. రేపు బ్యాంకు కౌంటర్లో, ఆసుపత్రిలో డాక్టరు కుర్చీలో, పోలీస్ స్టేషన్లో కూర్చునేది ఈ పిల్లలే. ఎదురుగా ఉన్న మనిషికి వినపడదని తెలిసినప్పుడు విసుక్కోకుండా, మొహం చూస్తూ రెండు సైగలతో పలకరించగల అధికారి కావాలంటే అయిదేళ్ల పిల్లాడి ప్రశ్నకు ఇవాళ మనం జవాబు చెప్పాలి.