అమ్మానాన్నల పుట్టినరోజుకు స్టార్ హోటల్ బస: గది అద్దెకు మించిన లెక్కలు

వైశాలి నగర్ (భిలాయ్): తల్లిదండ్రుల పుట్టినరోజును నగరంలోని ఒక మంచి హోటల్‌లో జరపాలన్న కోరిక నేటి మధ్యతరగతి తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడిన పిల్లలు ఫోన్‌లోనే గది బుక్ చేసి, అద్దె చెల్లించి, టిక్కెట్లు పంపగలుగుతున్నారు. అయితే జీవితమంతా లెక్క చూసి బతికిన తరానికి ఆ ఒకటి రెండు రోజులు నిజంగా విశ్రాంతినిస్తాయా, లేక మొహమాటంతోనే గడిచిపోతాయా అన్నది గది అద్దె ఎంత అన్నదానిపై ఆధారపడి ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్‌లో, పదవీ విరమణ చేసిన వారు ఎందరో నివసించే వైశాలి నగర్ వంటి కాలనీలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన అర్థం ఉంది.

ఉక్కు నగరం నేర్పిన పొదుపు

భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మాణానికి భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులు, సాంకేతిక నిపుణులలో తెలుగువారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1931 నాటికే పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలిపింది. సెక్టార్-5లోని బాలాజీ ఆలయం ఇక్కడి తెలుగువారి ఉనికికి నేటికీ గుర్తుగా నిలుస్తోంది.

కర్మాగారం ఇచ్చిన క్వార్టర్‌ ఉద్యోగం ఉన్నంత కాలమే. పదవీ విరమణ తరువాత సొంత గూడు వెతుక్కోవలసిందే. టౌన్‌షిప్ వెలుపల, నగర పాలక సంస్థ పరిధిలో పెరిగిన వైశాలి నగర్ వంటి కాలనీలకు ఎన్నో కుటుంబాలు అలా చేరాయి. 2008 నాటి పునర్విభజనతో ఈ పేరిట ఒక శాసనసభ నియోజకవర్గమే ఏర్పడింది. ప్రావిడెంట్ ఫండ్ సొమ్ములో కొంత ఇంటికి, కొంత ఆడపిల్లల పెళ్లిళ్లకు, మిగిలినది కొడుకుల చదువులకు పంచిన తరం ఇది. హోటల్ గదికి ఒక రాత్రి అద్దె అప్పటి తమ అనేక నెలల తొలి జీతానికి సమానమని తెలిసినప్పుడు, వారి మనసు ఆ మొత్తాన్ని రూపాయలలో కాక ఓవర్‌టైమ్ గంటలలో కొలుస్తుంది. వద్దని వారు అనడంలో నటన ఉండదు. అది వారి జీవితానుభవం పలికించే మాట.

ఇంట్లో వేడుక ఎవరి పని?

అయినప్పటికీ ఈ బసకు అర్థం ఉంది. దానికి కారణం హోటల్ ఆడంబరంలో లేదు, ఇంటి వంటగదిలో ఉంది. అమ్మ పుట్టినరోజున తెల్లవారుజామునే లేచేది అమ్మే. పులిహోర కలిపేది, పాయసానికి పాలు కాచేది, వచ్చినవారికి వడ్డించి చివరగా తినేది కూడా ఆమే. పిల్లలు సాయం చేస్తామన్నా, తన వంటింట్లో మరొకరు తడబడటం చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆమె కోసం జరిగే వేడుక ఆ విధంగా ఆమెకే మరొక పనిదినంగా మారుతుంది.

హోటల్‌లో ఆమె వెళ్లి నిలబడటానికి వంటగది ఉండదు. సరిచేయవలసిన పక్క, తోమవలసిన గిన్నె, తీయవలసిన తలుపు ఏదీ ఆమె వంతు కాదు. నాన్న విషయంలోనూ అంతే. మూడు షిఫ్టుల కొలువులో దశాబ్దాలు గడిపిన మనిషికి, ఎవరూ తొందరపెట్టని ఉదయం, రెండోసారి అడిగినా విసుగు లేకుండా వచ్చే కాఫీ అరుదైనవే. ఇతరులకు చేసిపెట్టడానికే అలవాటుపడిన వారు ఒక్కరోజు చేయించుకునే స్థానంలో కూర్చోవడమే ఈ కానుకలోని సారం. గది ఎంపిక, ఊరి ఎంపిక, తేదీ ఎంపిక, అన్నీ ఈ ఒక్క ప్రయోజనానికి లోబడి ఉండాలి.

ఏది అసలు పుట్టినరోజు?

పాత తరంలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉంటాయి. ఒకటి తిథి ప్రకారం ఇంట్లో గుర్తున్నది. రెండవది బడిలో చేర్చినప్పుడు ఉపాధ్యాయుడు అంచనాగా రాసి, తరువాత ఉద్యోగ రికార్డులకు, ఆధార్‌కు ఎక్కినది. పత్రాలలోని తేదీన హోటల్ సిబ్బంది కేక్ తెచ్చి శుభాకాంక్షలు చెబితే, ఆ రోజుతో వారికి ఏ అనుబంధమూ లేకపోవచ్చు. బుక్ చేసేటప్పుడే అసలు రోజు ఏదో హోటల్‌కు తెలపడం మంచిది.

మన సంప్రదాయంలో కొన్ని పుట్టినరోజులకు ప్రత్యేక స్థానం ఉంది. అరవై ఏళ్లకు షష్టిపూర్తి, డెబ్బై ఏళ్లకు భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసిన గుర్తుగా ఎనభై ఒకటో ఏట సహస్ర చంద్ర దర్శనం జరుపుతారు. వీటిలో హోమాలు, బంధువుల భోజనాలు ఉంటాయి కనుక హోటల్ బస వాటికి ప్రత్యామ్నాయం కాలేదు. క్రతువు ముగిసిన తరువాత అలసట తీరడానికి వేరొక రోజున ఏర్పాటు చేసుకుంటే రెండూ నిండుగా ఉంటాయి. హోటల్ గదిలో దీపం, అగరుబత్తి వెలిగించడానికి సాధారణంగా అనుమతి ఉండదు. పొగను గుర్తించే అలారం మోగుతుంది. పూజను ఇంట్లోనో గుడిలోనో ముగించుకుని బయలుదేరాలి.

రాయ్‌పూరా, విశాఖపట్నమా?

భిలాయ్ వాసులకు దగ్గరి మార్గం రాయ్‌పూర్. సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఆ నగరంలో అంతర్జాతీయ గొలుసులకు చెందిన హోటళ్లు ఉన్నాయి. నవా రాయ్‌పూర్‌లో ఝాంఝ్ చెరువు ఒడ్డున మేఫెయిర్ రిసార్ట్ ఉంది. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు, తరచూ వైద్యుని సంప్రదించవలసిన అవసరం ఉన్నవారికి గంట ప్రయాణంలో ఇల్లు చేరగలగడమే పెద్ద భరోసా.

రెండో మార్గం విశాఖపట్నం. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ ఎక్స్‌ప్రెస్ ఈ ప్రయాణాన్ని సుమారు ఎనిమిది గంటలకు కుదించింది. ప్రారంభ సమయ సారణి ప్రకారం ఉదయం 5.45కు దుర్గ్‌లో బయలుదేరి మధ్యాహ్నం 1.45కు విశాఖ చేరుతుంది. తిరుగు రైలు మధ్యాహ్నం 2.50కి బయలుదేరుతుంది. గురువారం ఈ సర్వీసు ఉండదు. ఎక్కువ హోటళ్లు గదిని మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య అప్పగిస్తాయి కనుక చేరే వేళ సరిపోతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఇబ్బంది ఉంది. గదిని పదకొండు, పన్నెండు గంటలకే ఖాళీ చేయమంటారు. పెద్దవారిని సామాన్లతో రెండు గంటలకు పైగా లాబీలో కూర్చోబెట్టకుండా, ఆలస్యంగా ఖాళీ చేసే వీలు ముందే అడిగి ఉంచుకోవాలి. ఇది కూర్చుని ప్రయాణించే రైలు. ఎనిమిది గంటలు కూర్చోలేనివారికి బెర్తు ఉన్న రాత్రి రైలే మేలు.

విశాఖకు మరొక ఆకర్షణ ఉంది. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చినవారికి అది సొంత గడ్డ అంచు. హోటల్ కిటికీలోంచి కనిపించే సముద్రం, బల్ల మీదికి వచ్చే తెలుగు భోజనం, వడ్డించేవారితో సొంత భాషలో మాట్లాడగలగడం, ఇవన్నీ ఏ ఖరీదైన అలంకరణకూ తీసిపోవు.

ఏడున్నర వేల గీత

బిల్లు విషయంలో తెలుసుకోవలసిన ముఖ్యమైన అంశం వస్తు సేవల పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన రేట్ల ప్రకారం, రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదిపై 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను పడుతుంది. సరిగ్గా రూ.7,500 గదికి పన్ను రూ.375, మొత్తం రూ.7,875 అవుతుంది. గది ధర ఒక్క రూపాయి పెరిగి రూ.7,501 అయితే పన్నే రూ.1,350కి చేరుతుంది. మొత్తం రూ.8,851 దాటుతుంది. ఒక్క రూపాయి తేడాకు దాదాపు రూ.976 అదనం. హోటల్ ధరలు రోజురోజుకూ మారుతుంటాయి. వారాంతంలో గీత దాటే గది వారం మధ్యలో గీతకు లోపే దొరకవచ్చు. పదవీ విరమణ చేసినవారికి మంగళవారమైనా ఆదివారమైనా ఒకటే గనుక ఈ వెసులుబాటును వాడుకోవచ్చు.

భోజనంపై పన్నులోనూ తేడా ఉంది. గత ఆర్థిక సంవత్సరంలో ఏ గదికైనా రోజుకు రూ.7,500కు మించి వసూలు చేసిన హోటల్‌లోని రెస్టారెంట్‌లో భోజనంపై 18 శాతం పన్ను ఉంటుంది. బయటి సాధారణ రెస్టారెంట్‌లో అది 5 శాతమే. అల్పాహారం గది ధరలో కలిసి ఉందో లేదో చూసుకోవాలి.

సేవా రుసుము సంగతి వేరు. బిల్లులో దానిని తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకుంటే తొలగించమని అడగవచ్చు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

బస చేసే పెద్దలందరి గుర్తింపు పత్రాలు హోటల్‌లో చూపాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతాయి. చిరునామా ఉండదు కనుక పాన్ కార్డును సాధారణంగా అంగీకరించరు.

నక్షత్రాల కన్నా స్నానాల గది ముఖ్యం

కేంద్ర పర్యాటక శాఖ హోటళ్లకు ఇచ్చే నక్షత్ర హోదా భవనం, సౌకర్యాలు, సేవల ప్రమాణాలను తెలుపుతుంది. మీ తల్లి మోకాలికి ఏ గది అనువైనదో ఆ నక్షత్రాలు చెప్పవు. బుక్ చేసే ముందు హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి కొన్ని విషయాలు అడగాలి. స్నానానికి తొట్టి ఒక్కటే ఉందా, నేల మట్టంలో షవర్ ఉందా? అంచు దాటి తొట్టిలోకి దిగడం వృద్ధులకు ప్రమాదకరం. పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు ఇస్తారా? బకెట్, మగ్గు అడిగితే చాలా హోటళ్లు తెచ్చి ఇస్తాయి. అవి లేని స్నానం పెద్దవారికి స్నానంలా అనిపించదు. గది లిఫ్టుకు దగ్గరలో ఉండాలి. మంచం మరీ ఎత్తుగా ఉండకూడదు.

చేరిన తొలి పది నిమిషాలు నేర్పడానికి కేటాయించాలి. తలుపు తెరిచే కార్డును లోపల గోడకు ఉన్న గాడిలో పెడితేనే దీపాలు వెలుగుతాయని, వేడినీళ్లు, చన్నీళ్లు ఒకే కుళాయిలో ఎటు తిప్పితే వస్తాయని, ఏసీ ఎలా తగ్గించాలని, గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్నవాటిలో ఏది ఉచితం, ఏది కాదని చెప్పాలి. ఇవి తెలియక, అడగడానికి బిడియపడి, రాత్రంతా చలిలో పడుకునే పెద్దలు ఉంటారు. మధుమేహం ఉంటే భోజన వేళలు, ఉప్పు తగ్గించిన వంట గురించి ముందే చెప్పవచ్చు. మందులు, వైద్యుని చీటీ చేతి సంచిలో ఉండాలి.

ఆశ్చర్యపరచడమా, అడగడమా?

చెప్పకుండా తీసుకువెళ్లి ఆశ్చర్యపరచాలన్న సరదా పిల్లలకు సహజం. ఆ ఆశ్చర్యంలో ఆనందం ఎక్కువ భాగం పిల్లలదే అవుతుంది. పెద్దలకు ముందే తెలిస్తే మందులు సర్దుకుంటారు, నచ్చిన చీర తీసి పెట్టుకుంటారు, ఇంటి తాళం పక్కింటివారికి అప్పగిస్తారు, వెళ్లబోతున్నామని నలుగురికి చెప్పుకుంటారు. ఎదురుచూడటం కూడా కానుకలో భాగమే.

ధర దాచడం మరో అలవాటు. వేలల్లో ఉన్నదాన్ని వందల్లో చెబితే, బిల్లు చేతికి వచ్చిన క్షణాన ఆ రోజంతా చేదెక్కుతుంది. గది అద్దె, అల్పాహారం సొమ్ము ముందే చెల్లించి, ఇంత ఖర్చవుతుంది, దీనికోసమే దాచాం, అప్పు చేయలేదు అని నిజం చెప్పడం మేలు. పొదుపు తెలిసిన తరం దాచుకుని ఖర్చు పెట్టడాన్ని తప్పు పట్టదు. అప్పు చేసి ఆడంబరం చూపడాన్నే తప్పు పడుతుంది. అన్నీ విన్న తరువాత కూడా వద్దంటే, ఆ మాటను మన్నించాలి. వారికి కావలసింది చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో ఒక పూట గడపడమే కావచ్చు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం స్పష్టం చేసింది. నెలనెలా అందవలసిన మందులు, వారం వారం రావలసిన ఫోన్ పిలుపు లేని చోట ఏడాదికొక రాత్రి హోటల్ బస ఆ లోటును పూడ్చలేదు. ఆ బాధ్యత నెరవేరుతున్న ఇంట్లోనే ఇది కానుక అవుతుంది.

గది బుక్ చేసే పిల్లలు చివరిగా చూసుకోవలసింది తమ సమయాన్ని. ఫొటోలు తీసి, కేక్ కోయించి, ఫోన్‌లో ఆఫీసు పనిలో మునిగిపోతే పెద్దలు కొత్త చోట ఒంటరిగా మిగులుతారు. అల్పాహారపు బల్ల దగ్గర గంటసేపు తీరికగా కూర్చుని, కర్మాగారపు తొలి రోజుల గురించి, క్వార్టర్‌లో మొదటి వర్షాకాలం గురించి అడిగి వినడానికి వేరే ఖర్చు ఉండదు. ఎవరూ లేచి వడ్డించనవసరం లేని ఆ గంటలో, ఇంటి దగ్గర ఎన్నడూ బయటపడని మాటలు బయటపడతాయి.