పండు బండెక్కక ముందే పైసలు: లంబసింగి తోటల్లో కొత్త లెక్క

డిసెంబర్ రాగానే విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు లంబసింగి బాట పడతాయి. తెల్లవారుజామున చెరువులవేనం కొండెక్కి మంచు చూస్తారు. ఎండ ముదిరితే ఆ మంచు ఉండదు. మరి మిగతా రోజంతా ఏం చేయాలి? పిల్లల చేతులు పట్టుకొని పక్కనే ఉన్న స్ట్రాబెర్రీ తోటల్లోకి వెళ్తున్నారు. ప్రవేశానికి కొంత రుసుము కట్టి, పండ్లు తామే కోసుకొని, తూకం వేయించుకొని కొనుక్కుంటున్నారు. దీన్నే అగ్రి టూరిజం అంటున్నారు. అంటే పంట అమ్ముకోవడంతో పాటు పొలం చూపించి కూడా సంపాదించడం.

ఇందులో రైతుకు మిగిలేదేమిటో చూద్దాం. స్ట్రాబెర్రీ చాలా సున్నితమైన పండు. కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడిపోతుంది. లంబసింగి నుంచి విశాఖ మార్కెట్‌కు ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్లకు పైగా మోయాలి. కోత కూలి, అట్టపెట్టెలు, బండి కిరాయి, కమీషన్ అన్నీ పోగా చేతికొచ్చేదే ఆదాయం. గిరాకీయే తోటకు వస్తే ఈ ఖర్చుల్లో చాలావరకు తప్పుతాయి. పైగా చిల్లర ధర నేరుగా రైతుకే అందుతుంది. కాలం కూడా కలిసొచ్చింది. వానలు తగ్గాక నాటిన మొక్క కాపుకొచ్చేదీ, టూరిస్టులు కొండెక్కేదీ ఒకే చలికాలంలో.

చిక్కూ అక్కడే ఉంది. డిసెంబర్‌లో తుఫాను వాన పడితే కాయ కుళ్లుతుంది, టూరిస్టు కూడా రాడు. రెండు ఆదాయాలూ ఒకే వారంలో పోతాయి. అందుకే పసుపు, రాగులు, కాఫీ వదిలేసి మొత్తం దీనిమీదే ఆధారపడటం తెలివైన పని కాదు.

అరకు దారి వేరు. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. కాఫీ గింజ ఎండబెడితే నిల్వ ఉంటుంది, కాబట్టి వాన వల్ల ఒక వారం టూరిస్టులు రాకపోయినా సరుకు చెడిపోదు. తోట చూసి, కప్పు కాఫీ తాగి, అరకిలో పొడి కొనుక్కెళ్లే మనిషి రైతుకు దళారీ కంటే మేలైన గిరాకీ.

ఈ రెండు చోట్లా రైతును కాపాడుతున్నది మరొకటుంది. ఇవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు, లీజుకు తీసుకోవడానికీ వీల్లేదు. చాటుమాటు ఒప్పందాల బెడద ఉన్నా, కాగితం మీద జమీను గిరిజన రైతుదే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఆ రక్షణ లేదు. చేవెళ్ల, వికారాబాద్ వైపు వెళ్తే దారిపొడవునా ఫామ్‌హౌస్‌లే. రైతు పొలం అమ్ముకుంటాడు, కొన్నాయన గదులు కట్టి వారాంతాలకు అద్దెకిస్తాడు, అదే రైతు అక్కడ వాచ్‌మన్‌గా చేరతాడు. దీన్ని అగ్రి టూరిజం అనడం నాకైతే నచ్చదు. ఇటలీ 1985లోనే చట్టం చేసి, అతిథులకు బస, భోజనం పెట్టేది వ్యవసాయం చేసే రైతే అయి ఉండాలని, అదీ సాగుకు అనుబంధంగానే ఉండాలని షరతు పెట్టింది. మన పక్కన మహారాష్ట్రలో బారామతి ప్రాంతంలో పాండురంగ తావరే 2005 ప్రాంతంలో ఈ పద్ధతి మొదలుపెట్టి రైతులకు నేర్పారు. ఆ రాష్ట్రం 2020లో ప్రత్యేక విధానమే తెచ్చింది.

ఊళ్లో రెండెకరాలు ఉండి మనమూ చేద్దామనుకునేవాళ్లు ముందు ఈ విషయాలు తెలుసుకోవాలి. పంట ఆదాయానికి ఇన్‌కం ట్యాక్స్ ఉండదు గానీ ప్రవేశ రుసుము, గది అద్దె పంట ఆదాయం కిందికి రావు. బోరుకిచ్చే ఉచిత కరెంటును గదులకు వాడకూడదు, వేరే మీటరు పెట్టించుకోవాలి. తెలంగాణలో సాగుభూమిలో వ్యాపారానికి గదులు కట్టాలంటే ముందు వ్యవసాయేతర వినియోగానికి (నాలా) మార్పు చేయించుకోవాలి. భోజనం అమ్మితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఇంకో మాట. వచ్చినవాళ్లకు వండేదెవరు, అంట్లు తోమేదెవరు, పక్కలు వేసేదెవరు? చాలా ఇళ్లలో ఆడవాళ్లే. అప్పటికే పొలం పని చేసొచ్చిన మనిషి మీద ఇది రెండో డ్యూటీ. వచ్చే డబ్బులో ఆమె వాటా ఎంతో మొదటి రోజే తేల్చుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.

ఈ చలికాలం లంబసింగి వెళ్లేవాళ్లు ముందురోజే తోటవాళ్లకు ఫోన్ చేసి పండు ఉందో లేదో అడగండి. భోజనం అక్కడే చేయాలనుకుంటే హలాల్ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. కోడి మీరే కోసి ఇస్తామంటే కాదనేవాళ్లు తక్కువ. నగదు వెంట ఉంచుకోండి, కొండమీద సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.