రెండు భాషలతో పిల్లలు తికమక పడతారా?

"ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు దెబ్బతింటుందేమో!" తెలుగు బడికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి ఉండే సందేహమిది. ఈ భయంతోనే మనలో కొందరం ఇంట్లో తెలుగు తగ్గించేస్తున్నాం. ఒకసారి మానేసిన భాష మళ్ళీ పట్టుబడడం ఎంత కష్టమో మనకి తెలియనిది కాదు. అందుకని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏం కనుక్కున్నారో, అంతకంటే ముఖ్యంగా ఎలా కనుక్కున్నారో చూద్దాం.

ముందు ఒక చిన్న ప్రయోగం. పిల్లలూ, పద్యం పాడుతూ నేర్చుకుంటే త్వరగా వస్తుందా, ఊరికే చదివితే వస్తుందా? ఎవరికి ఇష్టమైన జట్టులో వాళ్ళు చేరితే, సంగీతం నేర్చుకునే వాళ్ళంతా పాడే జట్టులోకే పోతారు. అప్పుడు గెలిపించింది పాడడమా, వాళ్ళ సంగీతం క్లాసులా? తేలదు. అందుకే బొమ్మా బొరుసా వేసి జట్లు విడదీయాలి. రెండు జట్లకీ ఒకే పద్యం, ఒకే సమయం ఇవ్వాలి. ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేస్తాం కదా, ఇదీ అంతే.

భాష విషయంలో ఇలా కుదరదు. బొమ్మా బొరుసా వేసి పిల్లల్ని తెలుగింట్లోనో, ఇంగ్లీషింట్లోనో పెంచలేం. ఎక్కడ పుట్టినవాళ్ళని అక్కడే పోల్చి చూడాలి. చిక్కంతా అక్కడే ఉంది.

1923లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో సేయర్ అనే పరిశోధకుడు సుమారు 1400 మంది పిల్లల్ని పరీక్షించాడు. పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకి తెలివితేటల పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయి. పట్టణాల్లో మాత్రం తేడా దాదాపు లేదు! తప్పు రెండో భాషదే అయితే పట్టణంలో ఎందుకు కనబడలేదు? కుటుంబాల స్థితిగతులు సరిగా లెక్కలోకి తీసుకోలేదని తరవాతి వాళ్ళు ఎత్తిచూపారు. అయినా రెండు భాషలు చేటన్న మాట చాలాకాలం నిలిచిపోయింది.

1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేళ్ళ పిల్లల్ని తీసుకుని, వయసు, కుటుంబ స్థాయి సరిపోయేలా చూసి పోల్చారు. ఈసారి రెండు భాషల వాళ్ళే ముందున్నారు. కానీ రెండు భాషలూ బాగా వచ్చిన వాళ్ళనే ఆ జట్టులోకి ఎంచారు. భాషలు తెలివినిచ్చాయా, తెలివైన వాళ్ళకే రెండూ బాగా వచ్చాయా?

2019లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ళ పిల్లలు 4500 మందికి పైగా ఉన్న అధ్యయనం ఒకటి వచ్చింది. దృష్టి నిలపడం, తొందరపాటు ఆపుకోవడం వంటి వాటిలో రెండు భాషల వల్ల ప్రత్యేక లాభం కనిపించలేదు. ఇంగ్లీషు పదసంపద మాత్రం వాళ్ళకి కొంత తక్కువగా ఉంది. అయితే ఆ పరీక్ష లెక్కపెట్టింది ఇంగ్లీషు మాటలనే. అమ్మమ్మతో మాట్లాడే మాటలు అందులో లేవు.

మన హైదరాబాదు సంగతీ చెప్పుకోవాలి. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. రెండు భాషలు వచ్చినవాళ్ళలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువే కారణమేమో అనుకోవడానికి లేదు, అక్షరాలు రానివాళ్ళలోనూ ఆ తేడా ఉంది. ఇదీ పోలికే గాని ప్రయోగం కాదు. కాబట్టి ఖాయమని కాదు, ఆశాజనకమని అనుకుందాం.

మొత్తమ్మీద తెలుగు మాట్లాడితే బుర్ర చెడుతుందన్న భయానికి ఆధారం లేదు. మార్కులు పెరుగుతాయని హామీ ఇవ్వడానికీ లేదు. ఇక ముందు ఎవరైనా "పరిశోధనల్లో తేలింది" అంటే ఒక్క ప్రశ్న వేద్దాం: "ఎవరిని ఎవరితో పోల్చారు?" తెలుగు మాత్రం, తాతయ్య చెప్పే కబుర్లు పిల్లలకి నేరుగా అర్థం కావాలని నేర్పిద్దాం. ఆ కారణం చాలు.