గుడి మెట్ల దగ్గర

కపెర్నహూములో ఒక పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, జనం మూలంగా దారి దొరకక, ఇంటికప్పు విప్పి యేసు ముందు దింపారని మార్కు సువార్త 2వ అధ్యాయంలో చదువుకున్నాం. ఆ నలుగురూ లేకపోతే అతడు ఇంటిపట్టునే ఉండిపోయేవాడు కదా!

మన సంఘంలోనూ కాలు కదపలేని చెల్లెలు ఒకరుండవచ్చు. "నీకోసం ప్రార్థిస్తున్నాం" అంటే ఆమెకు సంతోషమే. మరి ఆదివారం గుడికి ఎలా వస్తుందో ఎవరైనా అడిగారా? గుమ్మం అడుగు ఎత్తుంటే, చక్రాల కుర్చీ ఎక్కడానికి కనీసం 12 అడుగుల వాలుబాట కావాలి. అంతకన్నా నిటారుగా కడితే తోసేవారికీ కష్టం, కూర్చున్నవారికీ ప్రమాదం.

ఇక, ఇంట్లో ఒంటరిగా ఈ మాటలు వింటున్న అక్కా, మీరు మొహమాటపడకండి. "ఏదైనా సాయం చెయ్యండి" అంటే ఎవరికీ ఏమీ తోచదు. "ఆదివారం తొమ్మిదింటికి ఆటో ఎక్కించండి", "బుధవారం ఆస్పత్రికి తోడు రండి" అని ఫలానా పని అని చెప్పి అడగండి. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నూటికి 40 వంతులకు తక్కువ కాకుండా వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే చాలా సదుపాయాలు అందుతాయి. ఆ కాగితాల కోసం తిరిగేటప్పుడు తోడు వెళ్లడం కూడా సేవే.

వచ్చిన ఆమెను ఓ మూల కూర్చోబెట్టి ఊరుకోకండి. పాట ఎత్తుకోమనండి, సండే స్కూలు పిల్లలకు కథ చెప్పమనండి. ఆమె కూడా మరొకరి మంచానికి ఓ కొస పట్టగలదు.