నీళ్ళు తాగే రాయి



దసరా సెలవుల్లో ఒకాయన లారీ వేసుకొని మా ఊరొచ్చాడు. రోడ్డు పనికి మా కొండ మీది ఎర్ర గ్రావెల్ కావాలంట. "ఎలాగూ పొడైపోయిన రాయే కదా, మీకెందుకు?" అన్నాడు. అయ్య నా వైపు తిరిగి, "సదువుకుంటన్నావు కదమ్మా, నువ్వేటంటావు?" అని అడిగాడు. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. నాకు జవాబు రాలేదు. రెండు రాళ్ళు సంచిలో వేసుకొని హాస్టల్‌కి వచ్చేశాను.

ఒకటి మా కొండ మీది ఎర్ర రాయి. రెండోది గెడ్డలో దొరికిన నల్ల రాయి. రెండింటినీ ఎండబెట్టి వంటశాల తక్కెడలో తూచాను. రాత్రంతా బకెట్టు నీళ్ళలో ఉంచాను. ఎర్ర రాయి నుంచి బుడబుడమని బుడగలొచ్చాయి. పొద్దున్న తుడిచి తూస్తే దాని బరువు పెరిగింది. నల్ల రాయి పెరగలేదు. ఆ బుడగలు రాయి రంధ్రాల్లోని గాలి. గాలి పోయిన చోట నీళ్ళు చేరాయి. రాయిలో ఇలా ఖాళీలుండడాన్ని సచ్ఛిద్రత అంటారని సైన్సు మాస్టారు చెప్పారు.

మా కొండ రాయి పేరు ఖొండలైటు. తూర్పు కనుమల్లో ఇది చాలా ఉంది. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఖోండుల పేరు దీనికి పెట్టారు. అంటే మా కోదు వాళ్ళ పేరే!

ఈ రాయి మొదట గట్టిగానే ఉంటుంది. సన్న పగుళ్ళలోకి వాన నీళ్ళు దిగుతాయి. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కలవడం వల్ల ఆ నీళ్ళకి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. అవి రాయిలోని ఫెల్‌స్పార్‌ని బంకమన్నుగా మారుస్తాయి. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడుతుంది. కొంత కరిగి కొట్టుకుపోతుంది, అక్కడ కొత్త రంధ్రాలు పడతాయి. రంధ్రాలు పెరిగితే ఇంకా నీళ్ళు దిగుతాయి. ఇదే శిలాశైథిల్యం.

నల్ల రాయి చార్నొకైటు అని మాస్టారు అన్నారు. దాని గింజలు దగ్గరగా అతుక్కొని ఉంటాయి. నీళ్ళు లోపలికి పోక పైపైనే జారిపోతాయి. అందుకే అది బండలా నిలబడుతుంది. ఒక చోట దున్నుకునే మట్టి, ఇంకో చోట ఉత్త బండ ఉండడానికి ఇదొక కారణం.

అయితే రంధ్రాలుంటే చాలదు, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. బంకమన్నులో రంధ్రాలు ఎక్కువే, కానీ మరీ సన్నవి. నీళ్ళు వాటిలో తొందరగా నడవవు. ఇసుక, గులక కలిసిన మెత్తని రాతిలో నడుస్తాయి. అలా ఇంకిన వాన అడుగున గట్టి రాయి తగిలి, పక్కకి నడిచి, కొండ కింద ఊటగా వస్తుంది. మేము తాగేది ఆ ఊట నీళ్ళే. వేసవిలో కూడా ఎండదు.

అయ్యా, ఇప్పుడు జవాబు దొరికింది. ఆ పొడి రాయే మన నీళ్ళ కుండ. అది తవ్వి పంపేస్తే వాన నిలవడానికి చోటుండదు.

లారీ ఆయన సంక్రాంతి తరవాత మళ్ళీ వస్తానన్నాడు. నేను పండక్కే వెళ్ళి, అందరి ముందూ రాయిని బకెట్టులో వేసి చూపిస్తాను. నా మాట నమ్మకపోయినా బుడగలు కనబడతాయి కదా!

మీరూ మీ ఊరి రాయి తెచ్చి తూచి చూడండి.

– 9వ తరగతి