చెప్పింది చెప్పినట్టు

సంఘసేవ అనగానే మనకు చీపుళ్లు, బుట్టలు, మొక్కలు, వాటి పక్కన ఒక ఫోటోగ్రాఫరూ గుర్తుకు వస్తారు. అవి మంచి పనులు కావని నేననను. కాని ఫోటోకు అందని సేవ ఒకటున్నది. హైస్కూలు పిల్లలే దానికి తగినవారు. చూపులేని విద్యార్థికి పరీక్ష వ్రాసిపెట్టడం!

బ్రెయిలీ లిపి ఉన్నది కదా, మధ్య ఈ వ్రాయసకాడు దేనికి అంటారా? నిజమే. చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ అనే ఫ్రెంచి కుర్రవాడు 1824లో, పదిహేనేళ్ల వయసులో, అంటే మన హైస్కూలు పిల్లల యీడులోనే, ఆరు చుక్కలతో ఆ లిపిని కల్పించాడు. ఆ చుక్కలతో 63 అమరికలు వస్తాయి. మన తెలుగూ వాటితో చక్కగా వ్రాసుకోవచ్చు. చిక్కంతా పబ్లిక్ పరీక్ష దగ్గరే. పేపర్లు దిద్దే మాస్టారికి సాధారణంగా ఆ చుక్కలు చదవడం రాదు. అందుకని విద్యార్థి నోటితో చెబితే మరొకరు కాగితం మీద పెట్టాలి.

ఆ మరొకరికి పాఠమంతా వచ్చి ఉంటే జవాబు ఎవరిదో తేలదు. అందుకే పదో తరగతివారికి తొమ్మిదో తరగతి పిల్లల చేత వ్రాయించే పద్ధతి వచ్చింది. 2018లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలలో, అభ్యర్థి తానే మనిషిని తెచ్చుకుంటే ఆ మనిషి చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలన్నారు. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు వ్యవధి ఇమ్మన్నారు.

మా అమ్మాయి తొమ్మిదిలో ఉండగా వాళ్ల హెడ్‌మాస్టరు ఈ పనికి ఎవరు వస్తారని అడిగారు. ఇంట్లో చిన్న సభే జరిగింది.

“దాని పరీక్షలూ దగ్గరపడ్డాయి కదండీ!” అన్నది మా ఆవిడ.

“రేపు ఆ పిల్ల తప్పితే మన పిల్లను అంటారేమో!” అన్నారు మా అత్తగారు.

రెండూ న్యాయమైన మాటలే.

“ఎవరూ దొరక్కపోతే ఆ అక్కకు ఏడాది పోతుంది కదా నాన్నా?” అన్నది అమ్మాయి. దానికి మా ముగ్గురిలో ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది.

నాలుగు ఆదివారాలు ఇద్దరూ పాత ప్రశ్నపత్రాలతో సాధన చేశారు. ఆ అక్క నోటి వేగం, మా పిల్ల చేతి వేగం కలవాలి. ప్రశ్నను మార్కులతో సహా చదవాలి. అడిగితే విసుక్కోకుండా మళ్లీ చదవాలి. లెక్కల్లో మరో తంటా. “ఎక్స్ ప్లస్ వన్ బై టూ” అంటే రెండుతో భాగించవలసింది మొత్తాన్నా, చివరి ఒకటినేనా? ఆలోచించి, “మొత్తం కింద రెండు” అని వాళ్లే ఒక పరిభాష పెట్టుకున్నారు!

వ్యాసులవారు చెబుతుండగా వినాయకుడు భారతం వ్రాశాడు కదా! అర్థం కానిదే వ్రాయకూడదని ఆయనకు నియమం. మా పిల్ల నియమం అంతకన్న కఠినం. తప్పని అర్థమైనా వ్రాయవలసిందే!

సాంఘికశాస్త్రం పరీక్షనాడు అమ్మాయి ముఖం వేలాడవేసుకుని వచ్చింది. ఆ అక్క ఒక సంవత్సరం తప్పు చెప్పిందట. సరియైనది దీనికి తెలుసు.

“మరేం చేశావమ్మా?”

“చెప్పింది చెప్పినట్టు వ్రాశాను. మళ్లీ చదవమంటే అదే చదివాను. గొంతు కూడా మార్చలేదు నాన్నా!” అంటూ కళ్లు తుడుచుకుంది.

ఫలితాలు వచ్చాక ఆ అమ్మాయి తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. మంచి మార్కులే వచ్చాయి. మా పిల్ల ఉండబట్టలేక ఆ సంగతి బయటపెట్టింది. ఆ అమ్మాయి నవ్వింది.

“చెప్పకపోవడమే మేలు చేశావు. ఆ ఒక్కటి అందించి ఉంటే, మిగతావి నావో కావో అని నాకే అనుమానం వచ్చేది!”

జాలిపడి సహాయం చేయడం చాలామందికి వస్తుంది. ఎదుటివారి గౌరవం చెడకుండా చేయడం నేర్చుకోవలసిన విద్య. పద్నాలుగేళ్ల పిల్లకు అంతకన్న మంచి పాఠం నేను చెప్పలేను.

మీ ఇంట్లోనూ ఆ వయసు పిల్లలుంటే స్కూలు హెడ్‌మాస్టరునో, దగ్గరున్న అంధుల పాఠశాలనో ముందుగానే అడిగి చూడండి. ఆ ఏటి నిబంధనలు వారే చెబుతారు. పరీక్ష వ్రాసే వీలు లేకపోతే పాఠాలు చదివి వినిపించవచ్చు, రికార్డు చేసి ఇవ్వవచ్చు. స్ఫుటంగా చదవడం, గుండ్రంగా వ్రాయడం వస్తే చాలు. మా చిన్నవాడు వచ్చే ఏడు తొమ్మిదిలోకి వస్తాడు. వాడి దస్తూరీ బాగుచేయడానికి మా ఆవిడ ఇప్పటినుంచే కాపీపుస్తకం కొనిపెట్టింది.