దేహరక్షణలో శల్యసారథ్యం

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని లోకోక్తి. క్యాన్సర్ వ్యాధి స్వభావాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం. క్షయ, మలేరియా వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులు బయటి నుండి మన శరీరంలో ప్రవేశిస్తాయి. క్యాన్సర్ కణం అలా వచ్చినది కాదు. అది మన దేహంలోనే పుట్టి, జన్యువులలో కలిగిన మార్పుల వల్ల కట్టుతప్పి, ఎడతెగక విభజన చెందే సొంత కణం. మరి, దేహాన్ని అహర్నిశలు కాపాడే రోగనిరోధక వ్యవస్థ ఈ ఇంటిదొంగను గుర్తించగలదా? గుర్తించినప్పటికీ నిర్మూలించలేకపోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానం కణితిలోనే కాక, దాని పరిసరాలలో కూడా ఉన్నదని శాస్త్రజ్ఞులు క్రమంగా గ్రహించారు.

పరిసరాల ప్రాధాన్యాన్ని తొలుత సూచించినవారిలో స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు ముఖ్యుడు. ఆయన రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను పరిశీలించి, 1889లో ఒక వ్యాసం ప్రకటించారు. వ్యాధి కాలేయానికి తరచుగా, ప్లీహానికి అరుదుగా వ్యాపించడం ఆయన గమనించారు. విత్తనం ఎంత బలమైనదైనా నేల అనుకూలించనిదే మొలకెత్తదు. క్యాన్సర్ కణం విత్తనమైతే, అది చేరిన అవయవం నేల అని ఆయన నిరూపించదలచారు.

కణితి అంటే కేవలం క్యాన్సర్ కణాల ముద్ద కాదు. దానిలోను, దాని చుట్టూ రక్తనాళాలు, కణజాలాన్ని పట్టి ఉంచే తంతువులు, వాటిని నిర్మించే కణాలు, రోగనిరోధక కణాలు, వాటి నడుమ వార్తాహరుల వలె సంచరించే రసాయనాలు ఉంటాయి. వీటన్నింటి సముదాయమే కణితి పరిసరం.

రోగనిరోధక కణాలలో టి కణాలు ప్రధానమైనవి. మన కణాలు తమలోని ప్రోటీన్ల శకలాలను ఉపరితలంపై ప్రదర్శిస్తుంటాయి. టి కణాలు వాటిని పరీక్షించి, వికృతమైన శకలం కనిపిస్తే ఆ కణాన్ని సంహరిస్తాయి. ఈ విధంగా ఎన్నో దుష్టకణాలు మొదట్లోనే నశిస్తాయి. తప్పించుకొన్నవి మాత్రం తమ పరిసరాన్ని తమకు అనుకూలంగా మార్చుకొంటాయి.

ఈ మార్పు పలు విధాలుగా జరుగుతుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విరివిగా వినియోగించి ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆహారం కరవై, ఆమ్లం పెరిగిన ఆ తావులో టి కణాలు నీరసిస్తాయి. మాక్రోఫేజ్ అనే కణాలకు క్రిములను మింగడమే కాక, గాయాలను మాన్పే పని కూడా ఉన్నది. కణితి వాటిని ఆ రెండవ పనికే మళ్లించి, తనకు కొత్త రక్తనాళాలను సమకూర్చుకొంటుంది. అందుకే హెరాల్డ్ డ్వోరాక్ 1986లో కణితులను మానని గాయాలతో పోల్చారు. ఇక రోగనిరోధక వ్యవస్థ హద్దు మీరకుండా అదుపు చేసే నియంత్రక టి కణాలు కణితి చుట్టూ చేరి, పోరాడే కణాలను వారిస్తాయి. ఈ కణాలను 1995లో గుర్తించిన షిమోన్ సకాగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ బహుమతి లభించింది.

భారతంలో కర్ణుని రథం నడిపిన శల్యుడు పరుషవాక్యాలతో అతని తేజస్సును హరించాడు. సారథి కౌరవపక్షం వాడే. పగ్గాలు అతని చేతిలోనే ఉన్నాయి. కణితి పరిసరంలో జరిగేది ఇటువంటి శల్యసారథ్యమే. టి కణంపై పి.డి.–1 అనే ప్రోటీన్ ఉంటుంది. సొంత దేహానికి హాని కలగకుండా టి కణాన్ని నిలువరించే పగ్గం అది. క్యాన్సర్ కణం తనపై ఉన్న మరొక ప్రోటీన్‌తో ఆ పగ్గాన్ని బిగించి లాగుతుంది. శత్రువు ఎదుటే ఉన్నా యోధుడు నిలిచిపోతాడు.

ఈ రహస్యం తెలియడంతో చికిత్స కొత్త దారి పట్టింది. శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు నేరుగా క్యాన్సర్ కణాలపైనే గురిపెట్టేవి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్ అటువంటి తొలి మందులలో ఒకటి. దానితో పిల్లల రక్తక్యాన్సర్ కొంతకాలం ఉపశమించినట్లు 1948లో వెల్లడైంది. నూతన చికిత్స కణాన్ని కొట్టదు. యోధుని పగ్గాన్ని సడలిస్తుంది. పి.డి.–1ను 1992లో జపాన్‌లో తసుకు హొంజో బృందం కనుగొన్నది. సి.టి.ఎల్.ఎ.–4 అనే మరొక పగ్గాన్ని అడ్డుకొంటే ఎలుకలలో కణితులు క్షీణిస్తాయని 1996లో అమెరికాలో జేమ్స్ అల్లిసన్ బృందం తెలిపింది. వీరిరువురికి 2018లో నోబెల్ బహుమతి లభించింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెదడుకు పాకిన చర్మక్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్స, రేడియేషన్‌లతో పాటు ఈ తరహా మందు కూడా ఇచ్చారు. ఆయన 2024 వరకు, నూరేళ్లు నిండేదాకా జీవించారు.

అయితే ఈ చికిత్స అందరికీ ఫలించడం లేదు. టి కణాలు చొరలేని కణితులలో పగ్గం సడలించినా ప్రయోజనం స్వల్పం. పైగా పగ్గం వదలిన యోధుడు ఒక్కొక్కప్పుడు స్వజనంపైనే తిరగబడతాడు. అప్పుడు పేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటాయి. రోగి టి కణాలనే బయటకు తీసి, ప్రయోగశాలలో మార్చి, తిరిగి ఎక్కించే పద్ధతి మరొకటి. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ సెంటర్ల కృషితో రూపొందిన అటువంటి చికిత్సకు మన దేశంలో 2023లో అనుమతి లభించింది. కొన్ని రక్తక్యాన్సర్లకు ఉపకరిస్తున్న ఈ పద్ధతికి, గట్టి కణితుల విషయంలో వాటి పరిసరమే పెద్ద అవరోధం. ఈ చికిత్సలు ఖరీదైనవి కావడం మరొక చిక్కు.

క్యాన్సర్ సోకినవారి దేహం పోరాడలేనిదని తలచడం పొరపాటు. పోరాడే శక్తి చాలామందిలో ఉన్నది. దానిని పరిసరం బంధించి ఉంచింది. ఆ బంధాలను ఒక్కొక్కటిగా తెలుసుకొని, స్వజనానికి హాని కలగకుండా విప్పడమే నేటి వైద్యశాస్త్రం ముందున్న కర్తవ్యం. ఆ చికిత్సను పేదవాని గడప వరకు చేర్చగలగాలి. ఆ పనిలో పాలుపంచుకోవలసినవారు నేటి విద్యార్థులే.